మూడో రోజుకే జరం తగ్గింది, యాంటీబయాటిక్ ఆపేయొచ్చా?

పరకాల నుంచి ఒకరు అడిగారు. వాళ్ళ అమ్మగారికి 62 ఏళ్ళు. షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ వాడుతున్నారు. మోకాళ్ళ నొప్పులకు రాత్రిపూట కాల్షియం గోలీ వేసుకుంటారు. మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, చలిజరం వస్తే హన్మకొండలో డాక్టరుకు చూపించారు. ఆయన మూత్రం కల్చర్‌కు (ఏ క్రిమి ఉంది, ఏ మందుకు లొంగుతుంది అని చూసే పరీక్షకు) పంపి, సిప్రోఫ్లాక్సాసిన్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఏడు రోజులకు రాశారు. మూడు రోజులు వాడేసరికి జరం పోయింది, మంట పోయింది. కానీ నిన్నటి నుంచి మూడుసార్లు పలుచగా విరేచనం అయింది, నోరు చేదుగా ఉంది, బాగా నీరసం. "నాకు వేడి చేసింది, ఇగ వేసుకోను" అంటున్నారట. ఊళ్ళో ఆర్‌ఎంపీ "ఆ గోలీ పడలేదు, పవర్ ఎక్కువది ఇస్తా" అన్నాడట. ఆపేయాలా, మార్చాలా, పాలతో ఇస్తే వేడి తగ్గుతుందా, మిగిలిన ఎనిమిది గోలీలు దాచుకోవచ్చా అని ప్రశ్న.

ముందు సూటిగా చెబుతాను. మీ అంతట మీరు ఆపకండి, ఇంకెవరో చెప్పారని మార్చకండి. రాసిన డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేసి విరేచనాల సంగతి చెప్పండి, షుగర్ గోలీ పేరు కూడా చెప్పండి. విరేచనంలో రక్తం లేకపోతే, ఒంటి మీద దద్దుర్లు, కింద నేను రాసిన ఇతర ప్రమాద సూచనలు ఏవీ లేకపోతే రాత్రి గోలీ మానకండి. పాలతో మాత్రం ఇవ్వొద్దు. కాల్షియం గోలీని రాత్రి నుంచి మధ్యాహ్నానికి మార్చండి. అన్నిటికన్నా ముందు, ఇది చదవగానే అమ్మగారికి షుగర్ పరీక్ష చేయండి. ఎందుకో చెబుతాను.

నేను ఫార్మసిస్టుని. ఉమ్మడి వరంగల్ జిల్లాలో సర్కారు దవాఖానాల్లో మందులిచ్చే కిటికీ వెనక పనిచేశాను. రిటైరయ్యాక హన్మకొండలో మెడికల్ షాపు చూసుకుంటున్నాను. డాక్టరును కాను, రోగం తేల్చడం నా పని కాదు. కానీ గోలీ మనిషి చేతికి వెళ్ళాక ఏమవుతుందో దగ్గర నుంచి చూశాను. యాంటీబయాటిక్‌తో ఇబ్బంది పడి తిరిగొచ్చిన వాళ్ళలో ఎక్కువ మందికి ఆ గోలీలో లోపం లేదు. దాని పక్కన వేసుకున్న ఇంకో గోలీతోనే తంటా. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ పక్క గోలీల గురించే ఉంటుంది.

నీరసం వేడి వల్ల కాకపోవచ్చు, షుగర్ పడిపోవడం వల్ల కావచ్చు

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జాతి మందులు షుగర్‌ను కిందికీ దించగలవు, పైకీ ఎక్కించగలవు. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి గోలీలు వాడే పెద్దవయసు వాళ్ళలో దించే ప్రమాదం ఎక్కువ. పైగా మీ అమ్మగారు నోరు చేదని సరిగా తినడం లేదు, విరేచనాలు అవుతున్నాయి. తిండి తగ్గింది, షుగర్ గోలీ మాత్రం ఎప్పటిలాగే పడుతోంది. చెమట పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబడటం, తిక్కతిక్కగా మాట్లాడటం, ఇవన్నీ షుగర్ పడిపోయినప్పటి గుర్తులు. మీటర్‌లో 70 కన్నా తక్కువ వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. సర్దుకోగానే ఏదైనా తినిపించండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

మీటర్ లేకపోతే? పైన చెప్పిన గుర్తులుంటే పరీక్ష కోసం ఆగకండి, చక్కెర నీళ్ళు తాగించేయండి. ఒకవేళ షుగర్ ఎక్కువే ఉన్నా ఆ మూడు చెంచాలతో వచ్చే నష్టం చిన్నది. తక్కువ ఉన్నప్పుడు ఇవ్వకపోతే వచ్చే నష్టం పెద్దది. గ్లిమెపిరైడ్ డోసు ఈ నాలుగు రోజులు తగ్గించాలా అన్నది డాక్టరును అడగండి. ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

పాలు, కాల్షియం, గ్యాస్ మందు, బలం గోలీ

పాలతో ఇస్తే వేడి తగ్గుతుందన్నది ఊళ్ళలో చాలా గట్టి నమ్మకం. సిప్రో విషయంలో అది మందును వృథా చేస్తుంది. పాలలోని కాల్షియం కడుపులోనే ఆ మందును పట్టేసుకుంటుంది. పట్టేసుకున్నంత భాగం రక్తంలోకి ఎక్కదు, మూత్రంలోకి చేరదు. గోలీ వేసుకున్నట్టే ఉంటుంది, క్రిమికి తగలాల్సినంత తగలదు. కాల్షియం గోలీ, ఐరన్ గోలీ, జింక్ కూడా ఇదే పని చేస్తాయి. అన్నిటికన్నా గట్టిగా పట్టేసేది గ్యాస్‌కు తాగే గులాబీ రంగు సిరప్. అందులో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ గోలీతో ఈ ఇబ్బంది లేదు.

ఇక్కడ మా వృత్తి వాళ్ళ గురించి కూడా చెప్పాలి. యాంటీబయాటిక్ కొనగానే "నీరసం రాకుండా" అని ఒక బలం గోలీ పక్కన పెట్టి ఇవ్వడం మన దగ్గర అలవాటు. ఆ గోలీలో చాలావాటిలో జింక్ ఉంటుంది, కొన్నిట్లో ఐరన్ ఉంటుంది. రెండూ కలిపి పొద్దున చాయ్‌తో మింగేస్తారు. చాయ్‌లో పాలు, గోలీలో జింక్, మధ్యలో సిప్రో. రోగం తగ్గలేదని నాలుగో రోజు తిరిగొస్తారు, అప్పుడు ఇంకో యాంటీబయాటిక్. నా షాపులో సిప్రో, లెవో, డాక్సీసైక్లిన్ కొన్నవాళ్ళకు బలం గోలీ అంటగట్టవద్దని షాపులో పనిచేసేవాళ్ళకు గట్టిగా చెప్పి పెట్టాను.

సిప్రోకు లెక్క ఇది: పాలు, కాల్షియం, ఐరన్, జింక్, గ్యాస్ సిరప్‌లకు రెండు గంటల ముందైనా గోలీ వేసుకోవాలి, లేదా అవి తీసుకున్న ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. మీ అమ్మగారి రోజుకు దీన్ని సర్దితే ఇలా వస్తుంది. పొద్దున ఎనిమిదికి సిప్రో, ఒక నిండు గ్లాసు మంచినీళ్ళతో. కడుపులో తిప్పుతోంది కాబట్టి ఇడ్లీయో ఉప్మాయో తిన్నాక వేయండి, తింటే మందుకు నష్టం లేదు. చాయ్ పదింటికి. కాల్షియం గోలీ మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నంతో. రాత్రి ఎనిమిదికి రెండో సిప్రో. రాత్రి కాల్షియం, పడుకునే ముందు పాలు ఈ నాలుగు రోజులు వద్దు. లేదా కాల్షియమే నాలుగు రోజులు మానేయొచ్చా అని డాక్టరును అడగండి, అది ఇంకా తేలిక. మధ్యాహ్నం అన్నంలో పెరుగు వేసుకోవచ్చు, అక్కడ గోలీ లేదు కదా. పెరుగుతో జలుబు చేస్తుందని ఆపాల్సిన పని కూడా లేదు.

చాయ్ కూడా కాస్త తగ్గించండి. సిప్రో ఒంట్లో కెఫీన్ కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. రోజూ నాలుగు చాయ్‌లు తాగేవాళ్ళకు ఆ వారం దడ, నిద్రపట్టకపోవడం ఉండొచ్చు. అదీ వేడి కిందే జమకడతారు. ఎక్కువ నీళ్ళు తాగించండి. పత్తి చేనుకో కూలికో వెళ్ళే మనిషైతే ఆ వారం మిట్టమధ్యాహ్నం ఎండకు పంపకండి, ఈ మందు వాడుతుండగా చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది.

ఆర్‌ఎంపీ పొట్లం

"పవర్ ఎక్కువది" అన్న మాట గురించి కాస్త నిదానంగా చెప్పాలి. యాంటీబయాటిక్‌లలో కిందిమెట్టు, పైమెట్టు అని లేవు. ఏ మందు ఏ క్రిమికి, ఒంట్లో ఏ చోటికి అన్నదే లెక్క. నైట్రోఫ్యురంటోయిన్ అని పాత మందు ఉంది. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు ఎంతో బాగా పనిచేస్తుంది. కానీ కిడ్నీ కండలోకి సరిపడా చేరదు. మీ అమ్మగారికి చలిజరం, నడుము పక్కన నొప్పి ఉన్నాయి కాబట్టి డాక్టరు కిడ్నీ దాకా చేరే మందును ఎంచుకున్నట్టున్నారు. ఆ తేడా పొట్లం కట్టే మనిషికి తెలియకపోవచ్చు.

ఆ పొట్లంలో ఏముంటుందో కూడా తెలియదు. కాగితంలో మడిచిన నాలుగు గోలీలు, ఒక్కదాని మీదా పేరుండదు. నేను చూసినవాటిలో ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి గోలీ, ఒక చిన్న తెల్ల స్టెరాయిడ్ గోలీ మామూలు. స్టెరాయిడ్‌తో ఒళ్ళు తేలికైపోతుంది, జరం దిగుతుంది, అందుకే ఆ చేతికి మంచి పేరు వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు అదే షుగర్‌ను అమాంతం ఎక్కిస్తుంది. పైగా 60 దాటిన మనిషి సిప్రోతో పాటు స్టెరాయిడ్ వాడితే మడమ వెనక స్నాయువు (కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) తెగే ప్రమాదం పెరుగుతుంది. నడుం నొప్పికిచ్చే గోలీల్లో టిజానిడిన్ ఉన్నవి కొన్ని ఉంటాయి. సిప్రోతో అది అస్సలు కలపకూడదు, బీపీ పడిపోయి మనిషి మత్తులోకి వెళ్ళిపోతాడు. ఉబ్బసానికి థియోఫిలిన్ గోలీ వాడేవాళ్ళూ సిప్రో మొదలుపెట్టే ముందు తప్పకుండా చెప్పాలి.

నేను ఆర్‌ఎంపీలను తిట్టడం లేదు. రాత్రి పూట ఊళ్ళో తలుపు తడితే పలికేది వాళ్ళే, ఆ మేలు నాకు తెలుసు. కానీ యాంటీబయాటిక్ మార్చడానికి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం మీ దగ్గరే ఉంది, కల్చర్ రిపోర్టు. మామూలుగా రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఈపాటికి వచ్చే ఉంటుంది, తెచ్చుకోండి. అందులో మందుల పేర్ల ఎదురుగా ఎస్ అని ఉంటే ఆ క్రిమి ఆ మందుకు లొంగుతుందని, ఆర్ అని ఉంటే లొంగదని అర్థం. సిప్రో ఎదురుగా ఎస్ ఉంటే మార్చే పని లేదు. ఆర్ ఉంటే డాక్టరే మారుస్తారు, జరం తగ్గినట్టు కనిపించినా ఆ రిపోర్టు ఫొటో ఆయనకు పంపాల్సిందే. మన దేశంలో మూత్రంలో దొరికే క్రిములు సిప్రోకు లొంగకపోవడం బాగా ఎక్కువ, అందుకే ఈ రిపోర్టును అంతగా పట్టుకోమంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడగొట్టింది: ముందుగా వాడదగ్గవి, జాగ్రత్తగా వాడాల్సినవి, చివరి ఆసరాగా దాచుకోవాల్సినవి. అమోక్సిసిలిన్ మొదటి గుంపు, సిప్రో రెండో గుంపు. పవర్ ఎక్కువది అంటూ పోతే మూడో గుంపుకు చేరతాం, ఆ తర్వాత ఇంకో గుంపు లేదు.

మూడో రోజుకు తగ్గితే ఏడు రోజులెందుకు?

ముందు క్రిముల సంఖ్య పడిపోతుంది, దాంతో మంట, జరం పోతాయి. మిగిలినవి పూర్తిగా పోవడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. షుగర్ ఉన్న మనిషిలో, కిడ్నీ దాకా పాకిన ఇన్ఫెక్షన్‌లో మధ్యలో ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పెన్సిలిన్‌ను 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు ఆ మందుకు అలవాటుపడతాయని.

అయితే "ఎన్ని ఎక్కువ రోజులు వాడితే అంత మంచిది" అన్నది కూడా తప్పే. ఇదివరకు పది, పధ్నాలుగు రోజులు రాసిన రోగాల్లో చాలావాటికి ఇప్పుడు ఐదు, ఏడు రోజులే రాస్తున్నారు, అంతే బాగా పనిచేస్తోంది కాబట్టి. మరోవైపు కొన్నిటికి రోజులు తగ్గించడానికి వీల్లేదు. పిల్లల్లో స్ట్రెప్ క్రిమితో వచ్చే గొంతునొప్పికి అమోక్సిసిలిన్ పది రోజులు రాస్తారు, గొంతు రెండో రోజుకే బాగున్నా సరే. ఆ పది రోజులు గుండె కవాటాలు దెబ్బతినకుండా కాపాడటానికి. మామూలు టీబీకి ఆరు నెలలు. కాబట్టి రోజుల లెక్క రోగాన్ని బట్టి. "డాక్టర్ సాబ్, ఇది ఎన్ని రోజులు, తొందరగా తగ్గితే ఆపొచ్చా" అని చీటీ రాసేటప్పుడే అడగండి. అడిగితే కోప్పడే డాక్టర్లు మీరనుకున్నంత మంది లేరు.

టైఫాయిడ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మన దగ్గర ఎక్కువ కాబట్టి. అందులో సరైన మందు పడినా జరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు. రెండో రోజుకు దిగలేదని దవాఖాన మార్చి, మందు మార్చి తిరిగేవాళ్ళు చాలామంది. ఒక్క విడాల్ అనే రక్త పరీక్షతోనే టైఫాయిడ్ అని ఖాయం చేసుకోకండి. మందు మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు ఇవ్వడం మేలు.

విరేచనాలు

యాంటీబయాటిక్ రోగం క్రిమినే కాదు, పేగుల్లోని మంచి క్రిములనూ కొంత చంపుతుంది. అందుకే పలుచని విరేచనాలు. రోజుకు రెండు మూడుసార్లు, రక్తం లేకుండా అయితే సాధారణంగా మందు అయిపోయాక అదే సర్దుకుంటుంది. ఓఆర్‌ఎస్ తాగించండి. షుగర్ ఉందని ఓఆర్‌ఎస్ మానేస్తారు, అది సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో కలిపితే అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. ఉప్పును పేగు పీల్చుకోవడానికి ఆ గ్లూకోజు అవసరం. అయితే ఓఆర్‌ఎస్ లాంటివేనని డబ్బాల్లో అమ్మే తియ్యని పానీయాలు వేరు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకుని కొనండి. విరేచనాలు కట్టే గోలీ సొంతంగా వేయకండి.

ఈ కింది వాటిలో ఏదైనా కనిపిస్తే మాత్రం ఆగకండి.

విరేచనంలో రక్తం, కడుపులో మెలిపెట్టే నొప్పి, మళ్ళీ జరం, లేదా రోజుకు ఐదారుసార్లు నీళ్ళలా అవడం: అదే రోజు డాక్టరు దగ్గరికి. మందు అయిపోయిన కొన్ని వారాల తర్వాత వచ్చినా యాంటీబయాటిక్ వాడిన సంగతి చెప్పండి, దానికి వేరే వైద్యం ఉంది.

మడమ వెనక, భుజంలో కొత్తగా నొప్పి వాపు, చేతులు కాళ్ళలో మంటలు తిమ్మిర్లు, మనిషి అయోమయంగా మాట్లాడటం, గుండె తప్పుగా కొట్టుకోవడం: ఇవి సిప్రో జాతి మందులకు ప్రత్యేకం. ఇంకో గోలీ వేయకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు నాలుక ఉబ్బడం, ఊపిరాడకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం: 108. ఇది ఏ యాంటీబయాటిక్‌తోనైనా రావచ్చు, నిమిషాల్లో ముదురుతుంది. నోట్లో పుండ్లు, చర్మం పొక్కులెక్కి ఊడటం కూడా అత్యవసరమే, సల్ఫా మందులతో ఇది ముఖ్యంగా చూసుకోవాలి. ఒకసారి ఏ మందుకు ఇలా అయిందో దాని పేరు దవాఖాన ఫైలు మొదటి పేజీ మీద పెద్దగా రాయించుకోండి, ఫోన్‌లోనూ రాసి పెట్టుకోండి. "ఏదో ఎర్ర గోలీ పడలేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

వేరే యాంటీబయాటిక్ వాడుతూ ఇది చదివే వాళ్ళకు

మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడేటప్పుడు మద్యం వద్దు, గోలీలు అయిపోయాక కూడా మూడు రోజులు వద్దు. కల్లు కూడా మద్యమే. "కల్లే కదా, చెట్టుది" అనుకుని తాగి, ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడతో వచ్చినవాళ్ళను చూశాను. ఆడవాళ్ళు మొహమాటానికి చెప్పరు, అడిగేవాళ్ళూ అడగరు. అందుకే పండుగల వారంలో ఈ గోలీ ఇచ్చేటప్పుడు నేను అందరికీ చెబుతాను.

గుండె కవాటం ఆపరేషన్ అయి రక్తం పలుచబడే గోలీ వాడేవాళ్ళకు మెట్రోనిడజోల్, సల్ఫా, సిప్రో అన్నీ ప్రమాదమే. నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. విరేచనాలకు ఎవరో ఇచ్చిన గోలీలు వాడుతుండగా చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదు. ఆయన బిడ్డ ఇంట్లో ఉన్న గోలీలన్నీ ఒక కవర్‌లో వేసుకొచ్చింది. అందులో రక్తం పలుచబడే ఎసినోకౌమరాల్ గోలీల షీటు, దాని పక్కనే మెట్రోనిడజోల్ షీటు. చూడగానే సంగతి అర్థమైంది, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపాం, బతికాడు. ఆ అమ్మాయి నోటితో పేర్లు చెప్పి ఉంటే అంత తొందరగా తేలేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరూ అట్లాగే కవర్ తీసుకెళ్ళండి, షుగర్, బీపీ, ఆయుర్వేదం, పొట్లం గోలీలతో సహా.

డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ నీళ్ళు సరిగా తాగకుండా మింగి వెంటనే పడుకుంటే ఆహారనాళంలోనే అతుక్కుని పుండు చేస్తుంది. మిర్చి ఏరడానికి వెళ్ళే ఒక అమ్మాయి అలసిపోయి వచ్చి, గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంది. తెల్లారేసరికి ఛాతీలో మంట, ఉమ్ము కూడా మింగలేకపోయింది. గుండెనొప్పి అని ఇల్లంతా భయపడ్డారు. నిండు గ్లాసు నీళ్ళు, అరగంట నిటారుగా కూర్చోవడం, అంతే కావాల్సింది. గర్భిణులు డాక్సీ వాడకూడదు. సిప్రో జాతి కూడా వాళ్ళకు మామూలుగా రాయరు. అందుకే నెల తప్పిందేమో అన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

పిల్లల పొడి సిరప్ గురించి ఎంత చెప్పినా తక్కువే. సీసాను ముందు అరచేతికి తట్టి అడుగున గట్టిపడ్డ పొడిని వదులు చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు గీతలో సగం వరకు పోసి, మూత పెట్టి బాగా ఊపండి. నురగ దిగేదాకా ఆగండి. అప్పుడు చూస్తే మట్టం గీత కన్నా కింద ఉంటుంది, సరిగ్గా గీత దాకా మళ్ళీ పోసి ఇంకోసారి ఊపండి. నురగ మీదే గీత చూసుకుని ఆపేస్తే మందు చిక్కబడి డోసు ఎక్కువ పడుతుంది. వేడి నీళ్ళు పోయకండి. ప్రతిసారీ ఊపి, ఇంటి చెంచాతో కాక సీసాతో వచ్చిన కొలత మూతతోనో సిరంజితోనో ఇవ్వండి. అమోక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన సిరప్ కలిపాక ఫ్రిజ్‌లో ఉండాలి, ఏడు రోజులు దాటితే పారేయాలి. ఫ్రిజ్ లేని ఇల్లయితే ఆ సంగతి చీటీ రాసేటప్పుడే చెప్పండి, నీళ్ళలో కరిగే గోలీ రాస్తారు.

చీటీ లేకుండా కొనకండి, గోలీలు దాచుకోకండి

జలుబు, దగ్గు, ఒళ్ళునొప్పుల జరాల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల. డెంగీ, చికున్‌గున్యా కూడా వైరస్‌లే. వాటి మీద యాంటీబయాటిక్ ఏ పనీ చేయదు. వానాకాలం జరమొస్తే పారాసిటమాల్, నీళ్ళు, రక్త పరీక్ష. డెంగీ అనుమానం తీరేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు వద్దు, రక్తస్రావం ప్రమాదం.

షీటు వెనక నిలువు ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. 2016 నుంచి కేంద్రం ఆ గీత గురించి ప్రచారం చేస్తోంది. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. వాటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. షాపతను చీటీ అడిగితే విసుక్కోకండి. షీటు కత్తిరించి ఇచ్చేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మీకే ఇవ్వమనండి, లేదా బిల్లు తీసుకోండి. పేరు లేని గోలీ రెండు రోజులకు ఎవరికీ గుర్తుండదు.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. సిప్రోలో తర్వాతి గోలీకి ఆరు గంటల కన్నా తక్కువ ఉంటే ఆ పూట వదిలేయండి. రెండు కలిపి ఎప్పుడూ వేయకండి.

మీ ఎనిమిది గోలీల సంగతి. డాక్టరు కొనసాగించమంటే నాలుగు రోజుల్లో అవి అయిపోతాయి, దాచుకోవడానికి మిగలవు. ఆయన మందు మారిస్తే పాతవి పక్కింటి వాళ్ళకు ఇవ్వకండి, చెరువులోనో మోరీలోనో వేయకండి. షీటులోంచి తీసి, వాడేసిన చాయ్‌పత్తిలో కలిపి, కవర్‌లో గట్టిగా కట్టి, పిల్లలకూ పశువులకూ అందకుండా చెత్తబండిలో వేయండి. ఫోన్ చేసినప్పుడు కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ చేశారా అని కూడా అడగండి. కిడ్నీ బలహీనంగా ఉంటే సిప్రో డోసు తగ్గించాల్సి వస్తుంది. ఏడు రోజులు అయ్యాక రెండు మూడు వారాల్లో మళ్ళీ మంటో జరమో వస్తే పాత చీటీ పట్టుకుని షాపుకు రాకండి. మొదటి గోలీ పడకముందే మూత్రం మళ్ళీ కల్చర్‌కు ఇవ్వండి, పాత రిపోర్టు కూడా వెంట తీసుకెళ్ళండి.